వెబ్‌సైట్ బ్యాకప్: హోస్టింగ్ వాళ్ళది సరిపోతుందా, ప్లగిన్ పెట్టాలా, మనమే తీసుకోవాలా?

"ఏ బ్యాకప్ ప్లగిన్ మంచిది?" అని ఎవరైనా అడిగితే (ప్లగిన్ అంటే సైట్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) పేరు చెప్పే ముందు నేను ఒక ప్రశ్న వేస్తాను. రేపు పొద్దున, మీ సైట్‌ను తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీ అకౌంట్‌లోకి లాగిన్ కాలేకపోతే, సైట్‌ను ఎక్కడి నుంచి, ఏ ఫైళ్లతో మళ్ళీ నిలబెడతారు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. బ్యాకప్ ఉంటుంది, రోజూ పడుతూనే ఉంటుంది, పూర్తయిందని మెయిల్ కూడా వస్తుంది. కానీ అదంతా ఆ అకౌంట్ లోపలే ఉంటుంది.

బ్యాకప్ పద్ధతులను పోల్చేటప్పుడు సాధారణంగా ధర చూస్తాం, వాడటం ఎంత సులువో చూస్తాం, రేటింగులు చూస్తాం. వాటికన్నా ముందు చూడాల్సింది, ఆ పద్ధతి ఏ ప్రమాదాన్ని తట్టుకుంటుంది, దేనికి లొంగిపోతుంది అన్నది. అన్నిటినీ తట్టుకునే పద్ధతి ఒక్కటీ లేదు. అందుకే ఏదో ఒకటి ఎంచుకోమని నేను చెప్పను. ఒకే దెబ్బకు రెండూ పోని జంటను ఎంచుకోమంటాను. కింద రాసిన పోలికంతా ఆ జంట కుదుర్చుకోవడానికే.

ముందు ప్రమాదాల సంగతి

అన్నిటికన్నా తరచుగా జరిగేది మన చేతులతో మనం చేసుకునేదే. ప్లగిన్ అప్‌డేట్ కొట్టగానే పేజీ తెల్లగా వస్తుంది. పాత పేజీ అనుకుని ఎవరో కొత్తది డిలీట్ చేస్తారు. దీనికి నిన్నటి కాపీ ఉండి, ఐదు పది నిమిషాల్లో వెనక్కి తెచ్చుకునే వీలుంటే చాలు.

రెండోది హ్యాకింగ్. దీంతో చిక్కేమిటంటే, దొంగ వచ్చిన రోజే మనకు తెలియదు. దొంగ కోడ్ వారాల తరబడి అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో కదలకుండా కూర్చుని, ఒక రోజు మీ సందర్శకులను ఎక్కడికో మళ్లించడం మొదలుపెడుతుంది. మీ దగ్గర గత వారం రోజుల కాపీలే ఉంటే, ఏడింటిలోనూ ఆ కోడ్ ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేది ఒకటి రెండు నెలల కిందటి కాపీ.

మూడోది సర్వరే పోవడం: డిస్క్ పాడవడం, డేటా సెంటర్‌లో అగ్నిప్రమాదం. నాలుగోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది అకౌంట్ పోవడం. కార్డు గడువు తీరి బిల్లు కట్టలేదని సస్పెండ్ అవుతుంది. పాస్‌వర్డ్ ఎవరో కొట్టేస్తారు. సైట్ కట్టిన డెవలపర్ పేరు మీదే హోస్టింగ్ ఉంటుంది, ఆయన ఫోన్ ఎత్తడం మానేస్తాడు. చిన్న సైట్లు శాశ్వతంగా కనుమరుగవడానికి మంటలకన్నా ఈ నాలుగోదే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

దాచాల్సిన సరుకు

సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ అయితే డేటాబేస్, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్, డేటాబేస్ లాగిన్ వివరాలుండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలు. వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్లు ఎప్పుడైనా మళ్ళీ దిగుమతి చేసుకోవచ్చు. రాతలు, కామెంట్లు, ఆర్డర్లు, సెట్టింగులు డేటాబేస్‌లో ఉంటాయి. బొమ్మలు, థీమ్, ప్లగిన్లు ఫోల్డర్‌లో ఉంటాయి. ఒకటి ఉండి రెండోది లేకపోతే సగం సైటే మిగులుతుంది.

ఎక్కువమంది మరిచేవి సైట్ బయట ఉండేవి: డొమైన్ డీఎన్ఎస్ రికార్డులు (సైట్ పేరు ఏ సర్వర్‌కు వెళ్ళాలో చెప్పేవి), క్రాన్ పనులు (వేళకు వాటంతట అవే నడిచేవి), అదే హోస్టింగ్‌లో నడిచే ఈమెయిళ్ళు. డీఎన్ఎస్ రికార్డులను ఒకసారి ఎగుమతి చేసుకుని పెట్టుకుంటే సరిపోతుంది, అవి రోజూ మారవు. సైట్ సురక్షిత కనెక్షన్‌కు వాడే సర్టిఫికెట్ కోసం కంగారు అక్కర్లేదు, వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి కొత్త సర్వర్ మీద నిమిషాల్లో మళ్ళీ తీసుకోవచ్చు.

హోస్టింగ్ కంపెనీ ఇచ్చే బ్యాకప్

దీని గొప్పతనం వేగం. కాపీ అదే నెట్‌వర్క్‌లో ఉంటుంది, ప్యానెల్‌లో తేదీ ఎంచుకుని రీస్టోర్ నొక్కితే పని అయిపోతుంది. జెట్‌బ్యాకప్ లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉన్న హోస్టింగ్‌లో అయితే ఒక్క డేటాబేస్‌నో ఒక్క ఫోల్డర్‌నో విడిగా వెనక్కి తెచ్చుకోవచ్చు. మొదటి రకం ప్రమాదానికి దీన్ని మించింది లేదు. ఉచితంగా వస్తుంటే తప్పకుండా ఆన్ చేసి పెట్టుకోండి.

బలహీనత కూడా అక్కడే ఉంది: కాపీ అదే నెట్‌వర్క్‌లో, అదే అకౌంట్‌లో ఉండటం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. ఎస్‌బీజీ2 అనే భవనం పూర్తిగా కాలిపోయింది, పక్కనున్న ఎస్‌బీజీ1లో కొంత భాగం పోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు. బ్యాకప్ సేవకు విడిగా డబ్బు కట్టిన ఒక కంపెనీ కోర్టుకు వెళితే, 2023లో లిల్ ప్రాంత వాణిజ్య న్యాయస్థానం పరిహారం ఇప్పించింది. అప్పటికి దాదాపు రెండేళ్ళు గడిచాయి. తీర్పుతో డబ్బు వచ్చింది గానీ డేటా రాలేదు.

సీప్యానెల్ (హోస్టింగ్‌ను నడుపుకునే కంట్రోల్ ప్యానెల్) వాడేవాళ్ళు ఇంకొక విషయం తెలుసుకోవాలి. అందులో "ఫుల్ బ్యాకప్" అని తీసుకునే పెద్ద ఫైలును మీ అంతట మీరు సీప్యానెల్ నుంచే తిరిగి ఎక్కించలేరు. దాన్ని రీస్టోర్ చేయాలంటే సర్వర్ నిర్వహించే హోస్టింగ్ వాళ్ళే చేయాలి. హోమ్ డైరెక్టరీ (మీ ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్), డేటాబేస్‌లు విడివిడిగా తీసుకున్న పాక్షిక బ్యాకప్‌లనైతే మీరే ఎక్కించుకోవచ్చు. పేరులో ఫుల్ అని ఉంది కదా అని అదొక్కటే దించుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు, కావాల్సిన రోజున సపోర్ట్ టికెట్ పెట్టుకుని ఎదురుచూడాల్సి వస్తుంది. నేనైతే రెండూ తీసుకుంటాను. హోస్టింగ్ మారేటప్పుడు ఫుల్ పనికొస్తుంది, రోజువారీ అవసరానికి పాక్షికం.

హోస్టింగ్ వాళ్ళను మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఎన్ని రోజుల కాపీలు ఉంచుతారు, అవి సర్వర్ ఉన్న భవనంలోనే ఉంటాయా వేరేచోటా, అకౌంట్ సస్పెండ్ అయితే లేదా రద్దయితే అవి ఏమవుతాయి. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని చోట ఆ బ్యాకప్‌ను సౌకర్యంగా వాడుకోండి, రక్షణగా లెక్కపెట్టకండి.

ప్లగిన్లు

వర్డ్‌ప్రెస్‌లో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్, డూప్లికేటర్, ఆల్-ఇన్-వన్ డబ్ల్యూపీ మైగ్రేషన్ ఎక్కువగా వినిపించే పేర్లు. మూడూ చేసేది కాపీ తీయడమే అయినా స్వభావాలు వేరు. రోజువారీ షెడ్యూల్ పెట్టి గూగుల్ డ్రైవ్‌కో డ్రాప్‌బాక్స్‌కో పంపడానికి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ఉచిత వెర్షనే సరిపోతుంది. డూప్లికేటర్ సైట్ మొత్తాన్ని ఒక ఆర్కైవ్‌గా, పక్కన ఒక ఇన్‌స్టాలర్ ఫైలుగా కట్టి ఇస్తుంది. కొత్త సర్వర్‌లో వర్డ్‌ప్రెస్ లేకపోయినా అది లేచి నిలబడుతుంది కాబట్టి సైట్ తరలించడానికి నాకు అదే ఇష్టం. పని అయ్యాక ఆ ఇన్‌స్టాలర్ ఫైలును తప్పకుండా తీసేయాలి, వదిలేస్తే హ్యాకర్లకు అదొక దారి. ఆల్-ఇన్-వన్ అన్నిటికన్నా సులువు, కానీ దాని ఫైలు దాని సొంత ఫార్మాట్‌లో ఉంటుంది. తెరవాలంటే మళ్ళీ ఆ ప్లగినో, దానికోసం తయారైన వేరే టూలో కావాలి. ఏళ్ళ తరబడి దాచుకునే కాపీ మామూలు జిప్, మామూలు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ టెక్స్ట్) ఫైళ్లుగా ఉండటమే మేలు. ఆ రెంటినీ ఏ సర్వర్ అయినా చదువుతుంది.

ప్లగిన్ పెట్టినవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, కాపీ ఎక్కడికి పంపాలో ఎంచుకోకపోవడం. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్‌కు బయటి చోటు చూపించకపోతే డబ్ల్యూపీ-కంటెంట్ లోపలే ఒక ఫోల్డర్ పెట్టుకుని అందులో దాస్తుంది. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. ఎన్ని కాపీలు ఉంచాలన్న సంఖ్య కూడా మీరు పెంచకపోతే రెండు దగ్గరే ఉంటుంది. రోజుకొక బ్యాకప్ పడుతుంటే అది రెండు రోజుల చరిత్ర మాత్రమే, హ్యాకింగ్ విషయంలో పనికిరాదు. ఉచిత వెర్షన్ డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలును తీసుకోదు, దాన్ని ఒకసారి చేత్తో దించుకుని భద్రం చేసుకోండి.

షెడ్యూల్ గురించి కూడా. వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ గడియారం చూసి నడవదు, ఎవరైనా సైట్‌కు వచ్చినప్పుడు నడుస్తుంది. సందర్శకులు తక్కువ ఉన్న సైట్‌లో అర్ధరాత్రి బ్యాకప్ మర్నాడు మధ్యాహ్నం పడొచ్చు. సర్వర్‌లో అసలు క్రాన్ పెట్టుకునే వీలుంటే అది పెట్టండి.

సైట్ పెరిగేకొద్దీ ప్లగిన్లు ఆయాసపడతాయి. అవి నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద, పీహెచ్‌పీకి మామూలుగా ఉండే పరిమితులు చాలా చిన్నవి: ఒక పని 30 సెకన్లలో ముగియాలి, అప్‌లోడ్ అయ్యే ఫైలు 2 ఎంబీ దాటకూడదు. హోస్టింగ్ వాళ్ళు వీటిని పెంచుతారు, ప్లగిన్లు కూడా పనిని ముక్కలుగా చేసుకుంటాయి. అయినా కొన్ని జీబీల ఫొటోలు చేరాక షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) బ్యాకప్ మధ్యలో ఆగిపోవడం మొదలవుతుంది. అది కనిపించిన రోజు ప్లగిన్ మార్చడం దండగ, పద్ధతి మార్చాలి.

భద్రత వైపు నుంచి చూస్తే, బ్యాకప్ ప్లగిన్ చేతిలో మీ సైట్ మొత్తం ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్‌లో ఒక లోపం బయటపడింది. సైట్‌లో మామూలు సబ్‌స్క్రైబర్‌గా లాగిన్ అయినవాళ్ళు కూడా బ్యాకప్ ఫైళ్లను దించుకోగలిగేవాళ్ళు. అది ఎంత తీవ్రమైనదంటే, సైట్ యజమానులు నొక్కకుండానే అప్‌డేట్‌ను వర్డ్‌ప్రెస్ తరఫున నేరుగా పంపించారు. ప్లగిన్ మంచిదే, దిద్దుకున్నారు కూడా. మిగతా ప్లగిన్లను ఎలా వదిలేసినా బ్యాకప్ ప్లగిన్‌ను మాత్రం పాత వెర్షన్‌లో ఉంచకండి.

బయటి నుంచి వచ్చి తీసుకెళ్ళే సేవలు

జెట్‌ప్యాక్ వాల్ట్‌ప్రెస్ బ్యాకప్, బ్లాగ్‌వాల్ట్ లాంటివి కాపీని తమ సర్వర్లలో దాస్తాయి. వీటి అసలు విలువ రీస్టోర్ రోజున తెలుస్తుంది. సైట్ అడ్మిన్ పేజీ తెరుచుకోకపోయినా, ముందే ఎస్‌ఎఫ్‌టీపీ లేదా ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి నేరుగా వెళ్ళే దారులు) వివరాలు ఇచ్చి ఉంటే, వాళ్ళ డ్యాష్‌బోర్డ్ నుంచే సైట్‌ను నిలబెట్టవచ్చు. మామూలు ప్లగిన్ అయితే ముందు వర్డ్‌ప్రెస్ బతికి ఉండాలి, లేదా కొత్తది ఎక్కించి అందులో ప్లగిన్ పెట్టుకుని మొదలుపెట్టాలి.

మార్పు జరిగినప్పుడల్లా కాపీ తీసుకునే రకాలు ఆన్‌లైన్ షాపులకు చాలా ముఖ్యం. మధ్యాహ్నం మూడింటికి సైట్ పాడైతే, రాత్రి తీసిన కాపీ ఎక్కించడం అంటే ఆ రోజు పొద్దుటి నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ చెరిపేయడమే. డబ్బు కట్టినవాళ్ళ వివరాలు పేమెంట్ గేట్‌వేలో ఉంటాయి, వాళ్ళేం కొన్నారో మన దగ్గర ఉండదు. అలాంటి సైట్‌కు నెలనెలా కట్టే చందా ఖర్చు కాదు, వ్యాపారంలో భాగం.

చందా ఆపితే పాత కాపీలు ఎంతకాలం ఉంటాయో కొనేముందే చదవండి. బ్లాగ్‌వాల్ట్‌లో కాపీని వాళ్ళ పరీక్ష సర్వర్ మీదే ఎక్కించి చూసే సదుపాయం ఉంది. సాంకేతిక పరిజ్ఞానం తక్కువ ఉన్నవాళ్ళకు నేను ఈ రకాన్ని సిఫారసు చేయడానికి సగం కారణం అదే.

స్నాప్‌షాట్

సొంత వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) ఉన్నవాళ్ళకు డిస్క్ మొత్తాన్ని ఒక క్షణంలో ఫొటో తీసినట్టు తీసిపెట్టే స్నాప్‌షాట్ దొరుకుతుంది. పెద్ద అప్‌గ్రేడ్ ముందు తప్పక తీసుకోండి. అయితే ఒక్క ఫైలు కావాలన్నా మొత్తం సర్వర్‌నే వెనక్కి తిప్పాల్సి రావచ్చు. కొన్ని కంపెనీల్లో సర్వర్‌ను డిలీట్ చేస్తే దాని ఆటోమేటిక్ బ్యాకప్‌లు కూడా దాంతోపాటే పోతాయి. ఆ కంపెనీ బయటికి తీసుకెళ్ళే వీలు కూడా ఎక్కువచోట్ల ఉండదు. అందుకని దీన్ని హోస్టింగ్ బ్యాకప్ లెక్కలోనే వేసుకోండి, రెండో కాపీగా కాదు.

మనమే తీసుకునేది

ఎస్‌ఎస్‌హెచ్ వాడటం వచ్చినవాళ్ళకు ఇదే అన్నిటికన్నా చవకైనది, గట్టిది. మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే టూల్‌తో డేటాబేస్‌ను ఒక ఫైలుగా (దాన్నే డంప్ అంటాం) తీయడం, రెస్టిక్ లేదా బోర్గ్ అనే బ్యాకప్ టూల్‌తో దాన్ని ఫోల్డర్లతో కలిపి బయటి స్టోరేజీకి పంపడం. రెస్టిక్, బోర్గ్ రెండూ మారిన ముక్కలను మాత్రమే పంపుతాయి, అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్టు మార్చి) పంపగలవు. అందుకే తొంభై రోజుల చరిత్ర ఉంచినా చోటు పెద్దగా పట్టదు. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పోతే మాత్రం బ్యాకప్ పోయినట్టే, ఎవరూ తెరిచి ఇవ్వలేరు. దాన్ని సర్వర్‌లోనే కాక పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో కాగితం మీదో కూడా ఉంచాలి.

డంప్ తీసేటప్పుడు సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ వేయండి. ఇన్నోడీబీ రకం టేబుళ్ళున్న డేటాబేస్ అయితే, కాపీ తీస్తున్నంతసేపు సైట్ ఆగదు, కాపీలో లెక్కలు కూడా తప్పవు. అది లేకుండా తీస్తే టేబుళ్ళు లాక్ అయి, రద్దీ ఉన్న సైట్ ఆ కాసేపు బిగుసుకుపోతుంది.

ఇక ఎవరి చేతిలో తాళం అన్న విషయం. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఒక దుండగుడు చొరబడి డబ్బు అడిగాడు. వాళ్ళు పాస్‌వర్డులు మార్చి అతన్ని గెంటేయబోతే, డేటాను, స్నాప్‌షాట్లను, వేరేచోట ఉన్నాయనుకున్న బ్యాకప్‌లను చాలా వరకు డిలీట్ చేసేశాడు. కంపెనీ మూతపడింది. కాపీలు ఉన్నాయి, కానీ అన్నిటినీ ఒకే లాగిన్ చెరపగలిగింది. మన చిన్న సైట్‌కైనా ఇదే వర్తిస్తుంది. సర్వర్‌లో ఉంచిన లాగిన్ బ్యాకప్‌ను రాయగలగాలి, చెరపగలగకూడదు. బోర్గ్‌లో అపెండ్-ఓన్లీ (కొత్తవి చేర్చడమే కుదిరే) పద్ధతి ఉంది, అమెజాన్ ఎస్3 తరహా స్టోరేజీలో వెర్షనింగ్ (పాత వెర్షన్లు ఉంచడం), ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా చెరపనివ్వకపోవడం) ఉన్నాయి. ఇవేవీ కుదరకపోతే ఇంకో మార్గం: సర్వర్ బయటికి పంపకుండా, బయటి కంప్యూటరే సర్వర్‌లోకి వచ్చి కాపీ లాక్కుపోయేలా పెట్టడం. అప్పుడు సైట్‌ను హ్యాక్ చేసినవాడికి సర్వర్‌లో బ్యాకప్ లాగిన్ దొరకదు.

సొంత స్క్రిప్టుకు ఉన్న జబ్బు నిశ్శబ్దంగా ఆగిపోవడం. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్ దాచిపెట్టే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని చెరిపేశాడు. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌ల కోసం చూస్తే ఎస్3 బకెట్ ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, డంప్ తీసే టూల్ 9.2ది, అందుకని రోజూ అది విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్ళను డీమార్క్ తనిఖీలో (పంపినవారు అసలైనవారేనా అని చూసేది) మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ కాపాడింది. ఆ ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. సాంకేతిక నిపుణులతో నిండిన కంపెనీ అది. కాబట్టి విఫలమైతే మెయిల్ వస్తుందిలే అన్న ఏర్పాటును నమ్మకండి. విజయవంతమైతేనే ఒక సంకేతం వెళ్ళాలి, ఆ సంకేతం రాని రోజు బయట ఉన్న ఇంకో సేవ మీకు అరిచి చెప్పాలి. దాంతోపాటు బ్యాకప్ ఫైలు సైజు కూడా చూస్తుండాలి. నిన్న 400 ఎంబీ ఉన్న డంప్ ఇవాళ 20 కేబీ ఉంటే అది బ్యాకప్ కాదు.

బ్యాకప్ అనిపించుకున్నా కానివి

సింక్ ఫోల్డర్ (రెండు చోట్ల ఫైళ్లను ఎప్పుడూ ఒకేలా ఉంచేది) బ్యాకప్ కాదు. ఇక్కడ చెడితే అక్కడా చెడుతుంది. 2009 జనవరిలో మాగ్నోలియా అనే బుక్‌మార్కుల సైట్ డేటాబేస్ పాడైనప్పుడు, బ్యాకప్‌గా పెట్టుకున్న సింక్ ఆ పాడైన డేటానే తీసుకెళ్ళి మంచి కాపీ మీద రాసేసింది. రెప్లికా డేటాబేస్ (అసలుదాని వెంటే మారే నకలు), రెయిడ్ డిస్కులు (ఒకే డేటాను కలిసి దాచే డిస్కులు) కూడా ఈ కోవలోవే. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ వేరు, అందులో చరిత్ర ఉంటుంది. హ్యూగో, జెకిల్ లాంటి టూళ్ళతో కట్టిన, డేటాబేస్ లేని స్టాటిక్ సైట్లకు గిట్ చక్కగా చాలు, రిపాజిటరీ (ఆ గిట్ ఫోల్డర్) ఇంకో చోట కూడా ఉంటే. వర్డ్‌ప్రెస్‌కు అది థీమ్ కోడ్ వరకే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ అన్నీ పోయినవాళ్ళకు చివరి ఆశ. కనిపించే పేజీలు కొన్ని దొరకొచ్చు, డేటాబేస్ దొరకదు.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

వారానికో పోస్టు రాసే సొంత బ్లాగు, సంస్థ వివరాలు చెప్పే నాలుగు పేజీల సైట్: హోస్టింగ్ బ్యాకప్ ఆన్ చేయండి, దాంతోపాటు ఉచిత ప్లగిన్‌తో వారానికొక కాపీ మీ సొంత డ్రైవ్‌కు. నిలిపే కాపీల సంఖ్య ఎనిమిదో పదో పెట్టండి. ఆ డ్రైవ్ అకౌంట్ పాస్‌వర్డ్, హోస్టింగ్ పాస్‌వర్డ్ ఒకటే కాకూడదు, రెంటికీ రెండంచెల లాగిన్ ఉండాలి. మూడు నెలలకోసారి ఒక కాపీని ఇంటి హార్డ్‌డిస్క్‌లోకి దించుకోండి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం, అంటే మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరేచోట, ఇంత మాత్రంతోనే నెరవేరుతుంది.

ఆర్డర్లో, సభ్యత్వాలో, రోజూ కామెంట్లో వచ్చే సైట్: మార్పు జరిగినప్పుడల్లా కాపీ తీసే చందా సేవ, పక్కన హోస్టింగ్ బ్యాకప్. చందా భారమైతే కనీసం డేటాబేస్‌ను గంటకోసారి, ఫైళ్లను రోజుకోసారి తీయండి. ఎంత డేటా పోతే మీ వ్యాపారం తట్టుకోగలదో ముందు తేల్చుకోండి, ఆ వ్యవధికన్నా బ్యాకప్‌ల మధ్య ఎడం తక్కువ ఉండాలి.

సొంత సర్వర్ నడిపేవాళ్ళు: స్నాప్‌షాట్, రెస్టిక్ రెండూ. రెస్టిక్ గమ్యస్థానం వేరే కంపెనీ స్టోరేజీ కావాలి, వేరే ఈమెయిల్‌తో తెరిచిన అకౌంట్ కావాలి. ఫైళ్లు కొన్ని జీబీలు దాటిన షేర్డ్ హోస్టింగ్ వాళ్ళు, ప్లగిన్ ఆగిపోతుంటే, ప్లగిన్‌తో డేటాబేస్ మాత్రమే తీసి, అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఎస్‌ఎఫ్‌టీపీ ద్వారా విడిగా దించుకోండి. పాత ఫొటోలు మారవు కాబట్టి ప్రతిసారీ కొత్తవి మాత్రమే దించితే చాలు.

క్లయింట్ల సైట్లు చూసుకునేవాళ్ళు ఏ పద్ధతి ఎంచుకున్నా, డొమైన్, హోస్టింగ్, బ్యాకప్ అకౌంట్లు క్లయింట్ పేరు మీదే ఉండాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, నాలుగో ప్రమాదానికి మందు కూడా.

రీస్టోర్ రోజు

అన్నిటికన్నా ముందు, పాడైన సైట్‌కు కూడా ఒక కాపీ తీయండి. టెన్షన్‌లో ఈ మెట్టు దాటేసి పాత కాపీ ఎక్కించేస్తాం, ఆ తర్వాత నిన్నటి ఆర్డర్లో, కొత్తగా రాసిన పోస్టో అందులో ఉందని గుర్తొస్తుంది. రెండోది, అవసరమైనంతే వెనక్కి తిప్పండి. ప్లగిన్ అప్‌డేట్ వల్ల పాడైతే చాలాసార్లు ఆ ప్లగిన్ ఫోల్డర్‌ను ఒక్కదాన్నే పాత వెర్షన్‌తో మారిస్తే సరిపోతుంది, డేటాబేస్ జోలికి పోనవసరం లేదు.

హ్యాక్ అయిన సైట్‌కు పాత కాపీ ఎక్కించడం సగం పనే. దొంగ వచ్చిన కంత ఆ కాపీలోనూ ఉంటుంది. జనానికి తెరవకముందే వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు, థీమ్ అప్‌డేట్ చేసి, అన్ని పాస్‌వర్డులు, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లోని రహస్య కీలు మార్చి, అడ్మిన్ యూజర్ల జాబితాలో తెలియని పేరు ఉందేమో చూడాలి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు కనిపిస్తే అనుమానించాలి, అక్కడ వాటికి సాధారణంగా పనిలేదు.

తెలుగు సైట్లు నడిపేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. డేటాబేస్ ఎక్కించాక అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో, పిచ్చి గుర్తులో కనిపిస్తే అది క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) తేడా. డంప్ తీసేటప్పుడు, ఎక్కించేటప్పుడు రెండు వైపులా యూటీఎఫ్8ఎంబీ4 అనే సెట్ ఉండాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత యూటీఎఫ్8 అక్షరానికి మూడు బైట్లే పట్టుకుంటుంది. తెలుగు అక్షరాలు అందులో పడతాయి, నాలుగు బైట్ల ఇమోజీలు పడవు. లాటిన్1 అనే ఇంకో సెట్ కనెక్షన్‌తో ఎక్కిస్తే తెలుగు మొత్తం చెడుతుంది. ప్రశ్నార్థకాలుగా మారి నిల్వ అయినదాన్ని తిరిగి బాగుచేయలేం, కాబట్టి అలా కనిపించగానే ఆపేసి అసలు డంప్ ఫైలుతో మళ్ళీ మొదలుపెట్టండి.

డొమైన్ మారుస్తున్నట్టయితే డంప్ ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పాత అడ్రస్ తీసి కొత్తది పెట్టకండి. వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగులను, వాటిలో ఎన్ని బైట్లున్నాయో లెక్కతో సహా దాస్తుంది. అడ్రస్ పొడవు మారి లెక్క తప్పితే విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాయమవుతాయి. వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూల్ డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ ఆ లెక్కను కూడా సరిచేస్తుంది.

ఇవన్నీ మొదటిసారి ప్రమాదం రోజున చేయకూడదు. ఒక తీరిక రోజున మీ కంప్యూటర్‌లోనో, ఒక సబ్‌డొమైన్ మీదో, హోస్టింగ్ సాయం తీసుకోకుండా బయటి కాపీతో మాత్రమే సైట్‌ను లేపి చూడండి. మొదలుపెట్టినప్పటి నుంచి హోమ్ పేజీ, ఒక పాత పోస్టు, ఒక ఫొటో, లాగిన్ అన్నీ పనిచేసే దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఎక్కడ ఏ పాస్‌వర్డ్ కోసం వెతుక్కున్నారో కూడా రాసుకోండి. షాపు సైట్ అయితే పరీక్ష కాపీలో మెయిల్ పంపడం, పేమెంట్ గేట్‌వే, షెడ్యూల్ పనులు మూడూ ముందే ఆపేయండి. లేకపోతే ఆ పరీక్ష కాపీ నిజమైన కస్టమర్లకు పాత ఆర్డర్ల మెయిళ్ళు పంపుతుంది, చందాలు ఉంటే రెండోసారి డబ్బు కూడా లాగవచ్చు. సెర్చ్ ఇంజిన్లకు కనబడకుండా దానికి పాస్‌వర్డ్ పెట్టి, పని అయ్యాక పూర్తిగా చెరిపేయండి. అందులోనూ మీ సభ్యుల వివరాలన్నీ ఉంటాయి.